ఏ పద్దులోనూ లేని సీటు

చెన్నై కొరుక్కుపేటలో ఒక తల్లి ఉందనుకోండి. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. పిల్లకు మూడేళ్లు నిండాయి, పనికి పోయే టైముకు ఆ పిల్లను ఎక్కడో ఒకచోట నమ్మకంగా వదలాలి, వీలైతే నాలుగు పాటలూ నాలుగు అక్షరాలూ వచ్చే చోట. సందులోని బాల్వాడికి వెళ్తే (అంగన్‌వాడీ అనేది చెన్నైలో కాగితం మీది మాట, జనం నోట ఇప్పటికీ బాల్వాడే) టీచరమ్మ కాదనదు. "పేరు రాసుకుంటానమ్మా, మధ్యాహ్నం అన్నం కూడా పెడతాను, కూర్చోబెట్టడానికి చోటు మాత్రం నువ్వే చూపించు" అంటుంది. కార్పొరేషన్ స్కూల్లో ఎల్‌కేజీ నిండిపోయింది. ప్రైవేటు స్కూల్లో పేదల కోటా ఉందని పక్కింటావిడ చెప్పింది కానీ దానికి ఆన్‌లైన్ దరఖాస్తు, ఆదాయం సర్టిఫికెట్టు, ఆపైన లాటరీ. చివరికి ఏ మేడ మీదో నడుస్తున్న ప్లే స్కూలుకు అప్పో సప్పో చేసి ఫీజు కడుతుంది, అదీ కుదరకపోతే ఊళ్లో ఉన్న అమ్మమ్మ దగ్గరికి పిల్లను పంపేస్తుంది.

ఇప్పుడు, ఈ పిల్లకు సీటు దొరకలేదు కదా, దీనికి జవాబు ఎవరు చెప్పాలి?

బాల్వాడి టీచరమ్మ రిజిస్టరు సరిగ్గానే ఉంది. కార్పొరేషన్ స్కూలు ఉన్న సీట్లన్నీ నింపింది. ప్రైవేటు స్కూలు లాటరీ తీసింది. ఏ ఫైలు తెరిచినా తప్పు కనిపించదు. అందరూ తమ తమ పని చేసేశారు, పిల్ల మాత్రం బయట ఉంది. చిన్నపిల్లల చదువుకు పెట్టే డబ్బు విషయంలో అసలు పేచీ ఇక్కడే ఉంది, అవినీతి గురించి మాట్లాడటం సులువు కాబట్టి అందరం అటువైపే చూస్తాం కానీ ఒక్క రూపాయి పక్కదారి పట్టకుండా కూడా ఒక వార్డులోని సగం మంది పిల్లలు బయటే ఉండిపోవచ్చు, ఆడిట్‌లో ఒక్క అభ్యంతరం కూడా రాకుండా.

ఎందుకంటే డబ్బు ఒక చేతి నుంచి రాదు. బాల్వాడి నడిచేది ఐసీడీఎస్ (సమీకృత శిశు అభివృద్ధి సేవలు) కింద, 1975 అక్టోబరు 2న దేశంలో 33 బ్లాకుల్లో మొదలై ఇప్పుడు సక్షమ్ అంగన్‌వాడీ, పోషణ్ 2.0 అనే కొత్త పేరుతో నడుస్తున్న పథకం అది. ఖర్చులో ఎక్కువ భాగానికి కేంద్రం 60, రాష్ట్రం 40, పోషకాహారానికి మాత్రం సగం సగం. నడిపేది రాష్ట్ర సాంఘిక సంక్షేమ శాఖ. టీచరమ్మకు పై అధికారి సీడీపీఓ (శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారి), ఆమెకు వార్డు కౌన్సిలర్‌తో పని పెద్దగా ఉండదు. అదే వీధిలో కార్పొరేషన్ స్కూల్లోని ఎల్‌కేజీ కార్పొరేషన్ విద్యా విభాగానిది, ఇంటి పన్నుతో కలిపి వసూలు చేసే ఎడ్యుకేషన్ ట్యాక్స్ వెళ్లేది ఈ వైపుకే. ప్రైవేటు స్కూలు కోటా సీటుకు ఫీజు తిరిగి కట్టేది పాఠశాల విద్యా శాఖ, అందులో కొంత భాగం సమగ్ర శిక్షా అనే బడుల పథకం ద్వారా ఢిల్లీ నుంచి రావాలి. ఇక బాల్వాడి కట్టడం ఉందే, దానికి స్థలం కార్పొరేషన్‌ది కావచ్చు, గోడలు ఎమ్మెల్యే నిధులవి కావచ్చు, ఎంపీ నిధులవి కావచ్చు, కౌన్సిలర్ నిధులవి కావచ్చు. గుమ్మం మీద శిలాఫలకం చదివితే తెలుస్తుంది ఎవరివో.

ఇన్ని చేతులు ఉండటం తప్పేమీ కాదు. ఆస్పత్రులకూ రోడ్లకూ కూడా ఇలాగే నాలుగు వైపుల నుంచి డబ్బు వస్తుంది. తేడా ఏమిటంటే రోడ్డు వేయకపోతే గుంత కనిపిస్తుంది, ఆ గుంత ఏ రోడ్డుదో, ఆ రోడ్డు కార్పొరేషన్‌దో హైవేస్‌దో ఎవరో ఒకరికి తెలుసు. సీటు లేకపోవడం కనిపించదు. మూడేళ్ల పిల్ల ఇంట్లో ఉంటే అది ఇంటి సంగతి అనుకుంటాం.

చట్టం కూడా ఇక్కడ నీళ్లు నములుతుంది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల వరకు చదువు ప్రాథమిక హక్కు, రాజ్యాంగంలోని 21ఏ అధికరణం. ఆరేళ్ల లోపు పిల్లల సంగతి 45వ అధికరణంలో ఉంది, 2002 సవరణ తర్వాత అక్కడ ఉన్న మాటకు అర్థం, రాజ్యం "ప్రయత్నించాలి" అని. విద్యా హక్కు చట్టంలో 11వ సెక్షన్ మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ప్రభుత్వం ఏర్పాట్లు "చేయవచ్చు" అంటుంది. చేయాలి అనడానికీ చేయవచ్చు అనడానికీ మధ్య ఉన్న దూరమే కొరుక్కుపేట తల్లి జూన్ నెలంతా తిరిగిన దూరం. 2020 జాతీయ విద్యా విధానం 2030 నాటికి అందరు పిల్లలకూ ఇది అందాలని చెప్పింది, కానీ విధానం అన్నది చట్టం కాదు, దాన్ని పట్టుకుని కోర్టుకు వెళ్లి నా పిల్లకు సీటు ఇప్పించండి అనలేం.

ఇంకో సంగతి ఉంది, చాలామంది గమనించనిది. 73వ, 74వ రాజ్యాంగ సవరణలు ఒకేసారి వచ్చాయి, ఒకటి పంచాయతీలకు, ఒకటి మునిసిపాలిటీలకు. పంచాయతీలకు బదలాయించదగ్గ పనుల జాబితా పదకొండో షెడ్యూలు, అందులో 29 పద్దులు, వాటిలో 25వది "మహిళా, శిశు అభివృద్ధి". మునిసిపాలిటీలకు పన్నెండో షెడ్యూలు, 18 పద్దులు. అందులో కబేళాలు ఉన్నాయి, శ్మశానాలు ఉన్నాయి, వీధి దీపాలు ఉన్నాయి, పార్కులు ఉన్నాయి, విద్యకు సంబంధించిన మాట సంస్కృతితో కలిపి ఒక చోట దొర్లుతుంది, శిశువు మాత్రం ఎక్కడా లేదు. అంటే పల్లెలో సర్పంచిని నిలబెట్టి బాల్వాడి సంగతేమిటని అడగడానికి రాజ్యాంగంలో ఒక ఆధారం దొరుకుతుంది, రెండు వందల వార్డులున్న చెన్నైలో కౌన్సిలర్‌ను అడిగితే "అది మా డిపార్ట్‌మెంట్ కాదండీ" అనడానికి ఆయనకు ఆధారం దొరుకుతుంది. రాష్ట్రం తలచుకుంటే ఏ పనైనా కార్పొరేషన్‌కు అప్పగించవచ్చు, ఎవరూ అడ్డుపడరు. అప్పగించలేదు, అంతే.

దీని వింత నగర శివారు పెరుంబాక్కంలో చూడాలి. 2015 డిసెంబరు వరదల తర్వాత అడయార్ నది ఒడ్డున గుడిసెలు తీసేసి చాలా కుటుంబాలను అక్కడి బహుళ అంతస్తుల ఇళ్లకు తరలించారు. నగరం నడిబొడ్డున కార్పొరేషన్ పరిధిలో ఉన్న పిల్ల ఒక్క లారీ ప్రయాణంతో పంచాయతీ పరిధిలోకి వెళ్లిపోయింది, రాజ్యాంగం లెక్కన పన్నెండో షెడ్యూలు నుంచి పదకొండో షెడ్యూలుకు, కార్పొరేషన్ స్కూలు ఎల్‌కేజీ నుంచి ఇంకెవరో చూసుకోవాల్సిన బాల్వాడికి. ఆ పిల్ల కోసం పెట్టిన డబ్బు లారీ ఎక్కలేదు. డబ్బు బాల్వాడి కేంద్రంతో ముడిపడి ఉంటుంది, పిల్లతో కాదు.

ఇలాంటి పునరావాస కాలనీలే కన్నగి నగర్, ఎళిల్ నగర్ కలిపి చూస్తే 23 వేలకు పైగా ఇళ్లు. ఇంటికి నలుగురు చొప్పున వేసుకున్నా 90 వేల పైచిలుకు జనం. ఐసీడీఎస్ నియమం ప్రకారం 400 నుంచి 800 మందికి ఒక కేంద్రం ఉండాలి, ఉదారంగా 800కి ఒకటి అనుకున్నా వందకు పైగా కేంద్రాలు కావాలి. ఈ కూడికలు తీసివేతలు చేయడానికి పెద్ద చదువు అక్కర్లేదు, ఐదో తరగతి పిల్లవాడు చేస్తాడు. కానీ ఇళ్లు కట్టే బోర్డు ప్లాను గీసేటప్పుడు ఈ లెక్క వేసి ఫలానా శాఖకు ఇన్ని కేంద్రాలు కావాలని రాసి, ఆ శాఖ సరేనని సంతకం పెట్టాకే తాళం చెవులు ఇవ్వాలన్న నియమం ఎక్కడా లేదు. లిఫ్టు ఉందా, నీళ్లున్నాయా అని చూస్తారు.

వందేళ్ల కిందట ఈ ఊళ్లోనే డబ్బు నడిచిన తీరు వేరుగా ఉండేది. ఆ కథలో ముఖ్యుడు తెలుగువాడే. దేవాంగుల ఇంట పుట్టిన పిట్టి త్యాగరాయ చెట్టి (టి.నగర్ అన్నప్పుడల్లా మనం పలికేది ఆయన పేరే) మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడిగా ఉండగా 1920లో థౌజండ్ లైట్స్‌లోని కార్పొరేషన్ స్కూలు పిల్లలకు మధ్యాహ్నం తిండి పెట్టాలని కౌన్సిల్ తీర్మానించింది. ఖర్చు ఒక్కో పిల్లవాడికి రోజుకు ఒక అణా దాటకూడదని షరతు. తర్వాత ఇంకో నాలుగు స్కూళ్లకు పాకింది. ఆ స్కూళ్లలో పిల్లల సంఖ్య 1922-23లో 811, రెండేళ్లలో 1,671 అయింది. ఆపైన బ్రిటిష్ ప్రభుత్వం ప్రాథమిక విద్యా నిధి నుంచి తిండికి ఖర్చు పెట్టడం కుదరదంది, 1925 ఏప్రిల్ 1తో ఆగిపోయింది. ఆ నెలాఖరుకే త్యాగరాయ చెట్టి కూడా పోయాడు.

పథకం ఓడిపోయిన కథే ఇది. అయినా జవాబుదారీతనం కోణంలో చూస్తే ఇప్పటికంటే నయం అనిపిస్తుంది. ఎవరు మొదలుపెట్టారో తెలుసు, పిల్లవాడికి ఎంతో తెలుసు (అణా), ఏ నిధి నుంచో తెలుసు, ఎంతమంది పెరిగారో తెలుసు, ఆపింది ఎవరో, ఏ సాకుతో ఆపారో కూడా తెలుసు. జనానికి కోపం వస్తే ఎవరి మీద రావాలో తేల్చుకోవచ్చు. ఇప్పుడు చెన్నైలో మూడేళ్ల పిల్లకు ప్రభుత్వం రోజుకు ఎంత ఖర్చు పెడుతోందంటే ఒక్క ముక్కలో చెప్పగలిగేవాళ్లు లేరు.

తిండి సంగతి మాత్రం చెప్పగలరు. ఆరు నెలల నుంచి ఆరేళ్ల పిల్లలకు రోజుకు 8 రూపాయలు, ఇది 2017లో ఖరారు చేసిన కేంద్ర ప్రమాణం, తీవ్ర పోషకాహార లోపం ఉంటే 12. ఏడాదికి 300 రోజులు పెట్టాలి, అంటే పిల్లకు 2,400 రూపాయలు. పైన రాష్ట్రం తన సొంత డబ్బు కలుపుకోవచ్చు, తమిళనాడు కలుపుతుంది, గుడ్డు పెడుతుంది. 1982 జులైలో ఎంజీఆర్ పోషకాహార పథకం మొదలైనప్పుడు రెండేళ్ల నుంచి ఐదేళ్ల పిల్లలు కూడా అందులో ఉన్నారు, పిల్లల కడుపు నింపడం ఈ రాష్ట్ర రాజకీయాల్లో ఓట్లున్న విషయం, ఏ పార్టీ వచ్చినా దాన్ని ముట్టుకోదు. జాతీయ ఆహార భద్రతా చట్టం 2013లో వచ్చాక అది చట్టబద్ధమైన హక్కు కూడా అయింది. కాబట్టి గుడ్ల లెక్క ఉంటుంది, బియ్యం లెక్క ఉంటుంది, పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఎత్తూ బరువూ ఎక్కించాలి. టీచరమ్మ రోజులో ఎక్కువ సేపు ఫోనుతో కుస్తీ పడేది దీనికోసమే.

చదువుకు అలాంటి లెక్క లేదు. పేరు రిజిస్టర్‌లో ఉంటే పిల్ల "చేరినట్టే". ఆ పిల్ల కూర్చోవడానికి చదరపు అడుగులు ఉన్నాయా, గంటసేపైనా ఎవరైనా పాఠం చెప్పారా, టీచరమ్మ మీటింగుకో సర్వేకో ఎన్నికల డ్యూటీకో వెళ్లిన రోజు ఆయా ఒక్కతే పిల్లల్ని చూసుకుంటూ వంట చేసిందా అన్నవి ఏ కాలమ్‌లోనూ పట్టవు. ప్రభుత్వ ఖర్చుల్ని ఆడిట్ చేసే కాగ్ 2012-13లో ఐసీడీఎస్ మీద ఇచ్చిన నివేదికలో, చూసిన కేంద్రాల్లో సగానికి పైగా మరుగుదొడ్లు లేవని తేలింది. ఆడిట్ గోడల్ని చూస్తుంది, గిన్నెల్ని చూస్తుంది. సీటును లెక్కపెట్టే కొలతే లేనప్పుడు ఆడిటర్ మాత్రం దేన్ని లెక్కపెడతాడు?

అద్దె సంగతి తీసుకోండి. సొంత భవనం లేని కేంద్రానికి కేంద్ర ప్రభుత్వం ఒప్పుకునే అద్దె మహానగరంలో కూడా నాలుగంకెలు దాటదు. ఆ డబ్బుకు షావుకారుపేటలో, పురసవాక్కంలో ఏం దొరుకుతుందో అక్కడ అద్దెకున్న ఎవరినైనా అడగండి. కాబట్టి అద్దె తక్కువున్న చోటికే బాల్వాడి జరుగుతుంది, పిల్లలు ఎక్కువున్న చోటికి కాదు. ఇది ఎవరో కూర్చుని చెడు ఆలోచనతో తీసుకున్న నిర్ణయమేమీ కాదు, ఢిల్లీలో ఎవరో ఒక సంఖ్య రాశారు, ఇక్కడ ఆ సంఖ్యకు సరిపడే గది వెతికారు. కేటాయింపు జరిగిపోయింది, కేటాయించినవాళ్లు మాత్రం లేరు.

సొంత భవనాల సంగతి ఇంకో రకం. ఎమ్మెల్యే నిధులో కౌన్సిలర్ నిధులో పెట్టి కట్టిన చోట్ల, అది ఆ సభ్యుడి ఇష్టం మీద, ఆయన చుట్టూ తిరిగినవాళ్ల గొంతు మీద ఆధారపడి ఉంటుంది. నిజం చెప్పాలంటే కౌన్సిలర్లను మరీ తిట్టడానికి లేదు, చాలా వార్డుల్లో బాల్వాడికి ఫ్యాన్లు, పెయింటు, చిన్న కుర్చీలు వచ్చాయంటే వాళ్ల చలవే. కానీ గోడ మీద కార్టూన్ బొమ్మలు వేయించడం ఒకసారి ఖర్చు, ఫోటో వస్తుంది. ఇంకో టీచరును పెట్టడం ప్రతి నెలా ఖర్చు, ఫోటో రాదు, పైగా ఆ అధికారం ఆయనకు లేదు. సీటు అంటే గోడ కంటే ముందు టీచరు. టీచరమ్మకు కేంద్రం ఇచ్చే గౌరవ వేతనం 2018లో 4,500 అయింది, రాష్ట్రం దాని మీద కలుపుతుంది, జీతం అనే మాట మాత్రం వాడరు. 2022లో సుప్రీంకోర్టు వీళ్లకు గ్రాట్యుటీ హక్కు ఉందని చెప్పాల్సి వచ్చిందంటే పరిస్థితి అర్థమవుతుంది.

కేటాయింపు ఎంత తేలిగ్గా వచ్చి ఎంత తేలిగ్గా పోతుందో చూడాలంటే 2019 నాటి ప్రయోగం బాగా పనికొస్తుంది. ఆ జనవరిలో తమిళనాడు ప్రభుత్వం మిడిల్ స్కూలు ఆవరణల్లో ఉన్న 2,381 అంగన్‌వాడీల్లో ఎల్‌కేజీ, యూకేజీ పెట్టింది. ఆలోచన మంచిదే, బాల్వాడిలో అన్నం, అక్కడే చదువు. టీచర్లు ఎక్కడి నుంచి? ప్రాథమిక పాఠశాలల్లో మిగులు అని తేల్చినవాళ్లను పంపారు, వాళ్లు మేం చదివింది పెద్ద పిల్లలకు చెప్పడానికి కదా అని గొడవపడ్డారు, కొందరు కోర్టుకెక్కారు. 2022 జూన్‌లో స్కూళ్లు తెరిచే సమయానికి ఆ టీచర్లను వెనక్కి రమ్మన్నారు. అంటే అక్షరాలా క్లాసులు పోయినట్టే. తల్లిదండ్రులు, ప్రతిపక్షాలు గట్టిగా అరిచాక కొద్ది రోజుల్లోనే కొనసాగిస్తామన్నారు, తాత్కాలిక టీచర్లతో. మొత్తం వ్యవహారంలో ఇటు సాంఘిక సంక్షేమం, అటు విద్యా శాఖ, పిల్లలు మధ్యలో. ఆ క్లాసులు సొంత పోస్టులతో, సొంత పద్దుతో పుట్టి ఉంటే ఒక్క ఉత్తర్వుతో అటూ ఇటూ అయ్యేవి కావు. అరువు టీచర్లతో మొదలైంది కాబట్టి అరువు ఇచ్చినవాళ్లు అడగ్గానే ఇచ్చేయాల్సి వచ్చింది.

ఇంకో మాట, 2019లో ఇది మొదలైనప్పుడు చెన్నై కార్పొరేషన్‌లో కౌన్సిల్ అనేదే లేదు. 2016 అక్టోబరులో పదవీకాలం అయిపోయింది, మళ్లీ ఎన్నికలు 2022 ఫిబ్రవరిలో. ఐదేళ్లకు పైగా ప్రత్యేక అధికారి పాలన. ఆ మధ్యలో పుట్టి, బాల్వాడి వయసుకు వచ్చి, ఒకటో తరగతికి కూడా దగ్గరపడిన పిల్లలున్నారు, వాళ్ల వార్డుకు ఒక్క రోజు కూడా కౌన్సిలర్ లేకుండా. బెంగళూరు ఇంకా ఘోరం, అక్కడ 2020 సెప్టెంబరులో కౌన్సిల్ గడువు ముగిసింది, ఆ తర్వాత ఏళ్లు గడిచినా ఎన్నిక జరగలేదు, 2025లో నగరాన్ని ఐదు కార్పొరేషన్లుగా ముక్కలు చేశారు. మారతహళ్లిలోనో కేఆర్ పురంలోనో ఉన్న మనవాళ్లు బాల్వాడి గురించి ఎవరిని అడగాలో తెలియక ఎమ్మెల్యే ఆఫీసుకు వెళ్తున్నారంటే ఆశ్చర్యం లేదు.

ప్రైవేటు స్కూలు కోటా ఒక్కటే నిజంగా "సీటు" లెక్కన నడిచేది. విద్యా హక్కు చట్టం 12(1)(సి) ప్రకారం ప్రవేశ తరగతిలో 25 శాతం, స్కూల్లో ఎల్‌కేజీ ఉంటే అక్కడి నుంచే. పిల్లకు ప్రభుత్వం తన స్కూల్లో పెట్టే ఖర్చో, ఆ స్కూలు ఫీజో, ఏది తక్కువైతే అది స్కూలుకు తిరిగి ఇస్తుంది. డబ్బు పిల్ల వెంట నడుస్తుంది, కాగితం మీద చాలా చక్కని ఏర్పాటు. 2025లో ఏమైందో చూడండి. పీఎంశ్రీ అనే కేంద్ర ఆదర్శ బడుల పథకం ఒప్పందం మీద, జాతీయ విద్యా విధానం మీద కేంద్రానికీ తమిళనాడుకూ పడలేదు. సమగ్ర శిక్షా కింద రావాల్సిన 2,152 కోట్లు ఆగాయి, రాష్ట్రం మే నెలలో సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ ఎండాకాలం కోటా దరఖాస్తులే తీసుకోలేదు. జూన్‌లో మద్రాసు హైకోర్టు, కోటా పిల్లల డబ్బును విద్యా విధానంతో ముడిపెట్టనక్కర్లేదని చెప్పింది. ప్రవేశాల ప్రక్రియ అక్టోబరులో గానీ మొదలు కాలేదు, అప్పటికి బళ్లు తెరిచి నాలుగు నెలలు. డబ్బున్నవాళ్లు ఈలోగా ఎక్కడో చోట చేర్పించుకుంటారు. ఆదాయం రెండు లక్షల లోపు ఉన్నవాళ్ల కోసం పెట్టిన కోటా అది, అక్టోబరు దాకా ఖాళీగా కూర్చోలేనివాళ్లకు. కేంద్రం తప్పా, రాష్ట్రం తప్పా అని టీవీల్లో వాదించుకున్నారు, రెండు వైపులా లాయర్లకు బోలెడు పాయింట్లున్నాయి. తల్లికి కావాల్సింది పాయింటు కాదు కదా.

కర్ణాటక ఇంకో దారి పట్టింది. 2019లో నియమాలు మార్చి, దగ్గర్లో ప్రభుత్వ లేదా ఎయిడెడ్ బడి ఉంటే ప్రైవేటు స్కూల్లో కోటా అక్కర్లేదంది. హైకోర్టు కూడా సరేనంది. బెంగళూరులో కోటా సీట్లు దాంతో కరిగిపోయాయి. వాదనలో పస లేకపోలేదు, మన బడి ఖాళీగా ఉంచుకుని పక్క బడికి ఫీజు కట్టడమెందుకు అని. కానీ ప్రైవేటు స్కూల్లో కోటా ఎల్‌కేజీ నుంచి ఉండేది, దానికి బదులు చూపించిన ప్రభుత్వ బడి చాలా చోట్ల ఒకటో తరగతి నుంచే. మూడేళ్ల పిల్ల ఆ మూడేళ్లూ ఎక్కడ ఉండాలన్నది ఆ లెక్కలోకి రాలేదు.

ఇంగ్లండ్‌లో ఈ డబ్బు స్థానిక కౌన్సిళ్ల ద్వారానే వెళ్తుంది కాబట్టి ఒకసారి అటు చూస్తే పోలిక దొరుకుతుంది. మూడు, నాలుగేళ్ల పిల్లలందరికీ వారానికి 15 గంటలు ఉచితం, పనిచేసే తల్లిదండ్రుల పిల్లలకు 30. ప్రభుత్వం కౌన్సిల్‌కు గంట లెక్కన డబ్బిస్తుంది, కౌన్సిల్ నర్సరీలకు పంచుతుంది. ఒకప్పుడు ఏ కౌన్సిల్ ఎంత తన దగ్గర అట్టేపెట్టుకుంటోందో, పక్క కౌన్సిల్‌కూ దీనికీ అంత తేడా ఎందుకో అర్థం కాక గోల అయింది, 2017లో జాతీయ ఫార్ములా తెచ్చారు. వచ్చిన దాంట్లో కనీసం 95 శాతం నర్సరీలకు చేరాలని నియమం, 2025-26కు అది 96 అయింది. 2006 చట్టం ప్రకారం తన ప్రాంతంలో పనిచేసే తల్లిదండ్రులకు సరిపడా పిల్లల సంరక్షణ ఉండేలా చూడటం కౌన్సిల్ బాధ్యత, ఏడాదికోసారి ఎన్ని చోట్లున్నాయో ఎన్ని తక్కువో కౌన్సిలర్లకు నివేదిక ఇవ్వాలి, తల్లిదండ్రులకూ అందుబాటులో పెట్టాలి. అక్కడంతా బంగారమని కాదు. గంటకు ఇచ్చే రేటు చాలక నర్సరీలు మూతపడుతున్నాయి, పేరుకు ఉచితమే గానీ భోజనానికీ డైపర్లకూ అని వేరే వసూళ్లు, సీట్ల కొరతా ఉంది. కానీ తల్లి ఏ తలుపు కొట్టాలో తెలుసు. తక్కువైన సీట్ల సంఖ్య ఒక కాగితం మీద ఉంటుంది, ఆ కాగితం కింద కౌన్సిల్ పేరుంటుంది.

చెన్నైలో అలాంటి కాగితం లేదు. వార్డులో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు ఎందరు, బాల్వాడిలో నిజంగా కూర్చోగలిగేది ఎందరు, కార్పొరేషన్ ఎల్‌కేజీలో ఎందరు, కోటాలో ఎందరు, మిగిలింది ఎందరు అని నాలుగు శాఖల లెక్కనూ ఒక చోట పేర్చిన ఒక్క పేజీ. సమాచారం లేక కాదు. ట్రాకర్‌లో పేర్లున్నాయి, స్కూళ్లలో హాజరు పట్టీలున్నాయి, జనన నమోదు కార్పొరేషనే చేస్తుంది, ఏ ఏడాది ఎంతమంది పుట్టారో దానికంటే బాగా తెలిసినవాళ్లు లేరు. మూడేళ్ల ముందే తెలిసిపోతుందన్నమాట ఎన్ని సీట్లు కావాలో! ఇంత ముందస్తు సమాచారం ఏ వ్యాపారికైనా దొరికితే పండగ చేసుకుంటాడు.

లెక్కలోకి రానిది ఇంకొకటి ఉంది, భాష. పుళియంతోపులో, కొరుక్కుపేటలో, నగరాన్ని శుభ్రం చేసే పారిశుద్ధ్య కార్మికుల కాలనీల్లో తరాలుగా తెలుగు ఇళ్లున్నాయి. శ్రీకాకుళం నుంచి, ఒంగోలు నుంచి వచ్చి కట్టడాల పనుల్లో ఉన్నవాళ్లున్నారు. చిన్నపిల్లలకు ఇంటి భాషలో మొదలుపెట్టాలని విద్యా విధానం చెబుతుంది, బాల్వాడికి తెలుగు తెలిసిన టీచరమ్మ దొరకడం మాత్రం అదృష్టం. తమిళం నేర్చుకోవడం గురించి ఇక్కడ పేచీ లేదు, ఈ ఊళ్లో బతికే పిల్లకు అది కావాల్సిందే, నాలుగు నెలల్లో గలగలా మాట్లాడేస్తుంది కూడా. కానీ మొదటి వారం ఏడుస్తున్న పిల్లను దగ్గరికి తీసుకుని ఆమె మాటలో ఒక్క మాట చెప్పేవాళ్లుంటే ఆ పిల్ల నిలబడుతుంది, లేకపోతే మూడో రోజే మానేస్తుంది. మానేసిన పిల్ల రిజిస్టర్‌లో మాత్రం ఉంటుంది.

అడగడానికి చట్టంలో మెట్లు అసలే లేవని కాదు. ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు 2006 డిసెంబరులో ఇచ్చిన ఉత్తర్వు ఒకటి ఉంది. ఆరేళ్ల లోపు పిల్లలు కనీసం 40 మంది ఉండి, అంగన్‌వాడీ లేని వాడలోని జనం అడిగితే మూడు నెలల్లో పెట్టాలని. మురికివాడలకు కూడా వర్తిస్తుందని స్పష్టంగా ఉంది. కన్నగి నగర్ లాంటి చోట ఒక్కో బ్లాకులోనే 40 మంది తేలతారేమో. ఆహార భద్రతా చట్టం 28వ సెక్షన్ రేషన్ షాపులతో పాటు ఇతర సంక్షేమ పథకాల మీద కూడా స్థానిక సంస్థలు సామాజిక తనిఖీ చేయాలంటుంది, అంటే బాల్వాడి మా డిపార్ట్‌మెంట్ కాదన్న కౌన్సిలర్‌కు కూడా లోపలికి వెళ్లి చూసే దారి ఉంది. 2022లో తమిళనాడు వార్డు కమిటీ, ఏరియా సభ నియమాలు తెచ్చింది. ఏరియా సభల్లో మాట్లాడేది ఎక్కువగా డ్రైనేజీ, దోమలు, వీధి కుక్కలు. అవి చిన్న సంగతులేమీ కావు. కానీ మూడేళ్ల పిల్లల తల్లులు సాయంత్రం మీటింగుకు రాలేరు, ఎందుకంటే పిల్లను ఎక్కడా వదలలేరు, ఆ సమస్య గురించే మాట్లాడాల్సిన మీటింగది.

నాలుగు లెక్కలూ ఒక చోట కలవాలంటే ప్రస్తుతానికి ఉన్న దారి సమాచార హక్కు దరఖాస్తే. వార్డులో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలెందరు, సీట్లెన్ని, ఏ పద్దు కింద పోయినేడు ఎంత ఖర్చు పెట్టారు అని కార్పొరేషన్‌కు ఒక్క కాగితం రాస్తే, తమ దగ్గర లేని భాగాన్ని చట్టం 6(3) సెక్షన్ ప్రకారం ఐదు రోజుల్లో సంబంధిత శాఖకు వాళ్లే పంపాలి. కాబట్టి ఒక ప్రశ్న మూడు నాలుగు ముక్కలై వేరువేరు ఆఫీసులకు వెళ్తుంది, వేరువేరు కవర్లలో జవాబులొస్తాయి. ఒకదాంట్లో కేంద్రాల సంఖ్య ఉంటుంది, ఒకదాంట్లో పేర్ల సంఖ్య, ఒకదాంట్లో కోట్లలో ఏదో అంకె. వార్డుల సరిహద్దులూ ఐసీడీఎస్ ప్రాజెక్టుల సరిహద్దులూ ఒకదానికొకటి అతకవు. వాటిని వంటింటి బల్ల మీద పరుచుకుని, స్కేలు పెట్టి గీతలు గీసి, "మిగిలిన పిల్లలు" అనే చివరి కాలమ్ మాత్రం అడిగినవాళ్లే చేత్తో రాసుకోవాలి.